బావ చెప్పిన చీనా జోస్యం

మా గురునాథరావు బావకి లోకంలో రాని భాష లేదు. వచ్చింది మాత్రం తెలుగొక్కటే.

విశాఖ పోర్టులో క్రేన్ డ్రైవరు. ఓడ దిగిన ప్రతి నావికుడి మాటా పక్కవాళ్లకి తెలుగులో చెప్పేవాడు. ఓసారి గ్రీకు నావికుడొకడు ఏదో అడిగితే, "ఆకలేత్తందట!" అని బజ్జీల బండి దగ్గరికి లాక్కుపోయాడు. పాపం, అతను వెతుకుతున్నది పోస్టాఫీసు. అయినా రెండు ప్లేట్లు తిన్నాడు. బావకి అదే రుజువు.

1983లో నేను సింగపూర్ షిప్‌యార్డులో ఉండగా, బావా, మా కాంతం అక్కా మద్రాసులో ఓడెక్కి నన్ను చూడ్డానికొచ్చారు. అక్క గొంతులో గడ్డ. తిరిగి వెళ్లగానే ఆపరేషన్. మాట పోతుందేమోనని అక్క బెంగ.

ఓ ఆదివారం వాళ్లని తావో మతం చీనావాళ్ల గుడికి తీసుకెళ్లాను. ఎర్రటి స్తంభాలు, కప్పు మీద డ్రాగన్లు, కళ్లు మండేంత అగరొత్తుల పొగ. పొడుగు గడ్డం దేవుడికి అక్క దణ్ణం పెట్టుకుంది.

అక్కడ వెదురు గొట్టం ఊపితే ఒక పుల్ల రాలుతుంది. దాని మీది అంకె చూసి పూజారి జోస్యం చీటీ ఇస్తాడు. అక్క కళ్లు మూసుకుని ఊపింది. ముసలి పూజారి చీటీ చదివి, మొహం చిన్నబుచ్చుకుని, మలయ్ భాషలో మెల్లగా రెండు ముక్కలన్నాడు. ఆ భాష నాకు కాస్త వచ్చు. 'మంచి చీటీ కాదు. కష్టముంది.'

"ఏటంతన్నాడు?" అంది అక్క.

బావ గొంతు సవరించుకున్నాడు. "ఆపరేషన్ సులువుగా అయిపోద్దట. గొంతు ఇంకా పెద్దదవుద్దట. మొగుడే కాసింత జాగర్తగా ఉండాలట!"

"రెండు ముక్కలే కదా అన్నాడు?"

"చీనా బాస అంతేనే. మడత ఇప్పితే ఇంతవుద్ది."

అక్క పకపకా నవ్వింది. వచ్చిన పదిరోజుల్లో అదే మొదటిసారి.

బయటికొచ్చాక బావని పక్కకి లాగాను. "బావా, ఆయన చెప్పింది అది కాదు."

"తెల్సు బామ్మర్దీ. ఆ ముసలాయన మొకం సూసినాను కదా," అన్నాడు బావ, గుడి బయట తానొక్కడే విప్పిన చెప్పులు వెతుక్కుంటూ. "ఉన్నదున్నట్టు సెప్పడానికి నానెందుకు?"

ఆపరేషన్ బాగానే జరిగింది. మరుసటేడు సెలవుకి వెళ్లినప్పుడు, ఆగలేక, అక్కకి ఆ చీటీ సంగతి చెప్పేశాను. అక్క చేపలు కడుగుతూ తలెత్తలేదు.

"ఆ తాత మొకం నాను మాత్రం సూడలేదేటి? మీ బావ సెమటలు కక్కుకుంటా అంత అబద్దమాడతంటే, నమ్మకపోతే బాగుంటదేటిరా?"