తేలిన గింజ

పొద్దున కోడలు విత్తనపు వడ్లను ఉప్పునీళ్లలో పోసింది. మునిగినవి మడికి, తేలినవి కోళ్లకు. ఆ తడి వడ్ల వాసన తగలగానే సుగుణమ్మ టీచరు గుర్తొచ్చింది. నాకు సంతకం తప్ప రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది.

పంతొమ్మిది వందల డెబ్బైల చివర్లో ఆళ్లగడ్డలో ఆమె ఇంట్లో పని చేసేదాన్ని. ఆమె హైస్కూల్లో సైన్సు చెప్పేది. పెళ్లి చేసుకోలేదు. పిడికెడంత మనిషి, గొంతు మాత్రం వీధి చివరికి వినబడేది. నేను అంట్లు తోముతుంటే మరుసటి రోజు పాఠం ముందు నాకే చెప్పి చూసుకునేది. "నీకర్థమైతే పిల్లోళ్లకూ అయితాది" అనేది. ఒకరోజు జీవులు తరతరానికీ ఎట్లా మారుతాయో చెప్పింది.

"మనుషులు గూడా ఇంకా మారుతాండారా టీచరమ్మా?"

"మారుతాండారు ఓబులమ్మా. ఎవురు బతికి పిల్లల్ని కంటారో వాళ్ల గుణాలే ముందుకు పోతాయి. శానా మెల్లగా. నువ్వూ నేనూ చూడలేం."

"అంటే మా వడ్ల మాదిరే. తేలేది తేలిపోతాది."

"నువ్వు చదువుకొనింటే నా ఉద్యోగం పోయుండేది" అని నవ్వింది. ఆ నవ్వును నేను అవుననే మాటగా తీసుకున్నాను.

మరుసటి ఏడు నా రెండో కాన్పు. ఏడో నెలకే ఆడపిల్ల పుట్టింది. చేటలో ఒక మూలకు సరిపోయేంత. పాలు తాగే ఓపిక లేదు. "నంద్యాల ఆసుపత్రికి పోదాం, బస్సుంది, లెయ్" అన్నాడు నా భర్త.

"తేలే గింజయ్యా ఇది. యాడికి తీస్కపోయినా నిలవదు" అన్నాను. ఆ మాట అన్నది నేనే. మూడో రోజు పోయింది.

పనికి తిరిగి వెళ్లాక టీచరుకూ అదే మాట చెప్పాను. ఆమె తాగుతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

"నేను చెప్పింది ఏం జరుగుతాదో, ఓబులమ్మా. ఏం చెయ్యాల్నో కాదు. నేనూ ఏడో నెల బిడ్డనే. మాయమ్మ దూదిలో చుట్టి, రొమ్ముకు కట్టుకొని బతికించింది. ఏడ్చే బిడ్డను ఎత్తుకున్నోళ్ల పిల్లలే ఎక్కువ మిగిలినారు. మనం వాళ్ల సంతతే. ఆ గుణం గూడా అట్లొచ్చిందే."

"ఈ మాట అప్పుడే చెప్పింటే?"

ఆమె పాఠాలు చెప్పడం మానలేదు గానీ, ఆనాటి నుంచి ప్రతిసారీ చివర్లో "ఇప్పుడు నీకేం తెలిసిందో చెప్పు" అని అడిగేది. నేను చెప్పేదాకా లేచేది కాదు.

నా భర్త పోయేదాకా ఆ బస్సు మాట ఎత్తలేదు. ఎత్తి తిట్టినా బాగుండేది.

ఇప్పటికీ ఎక్కడ ఎవరి బిడ్డ ఏడ్చినా నా చేతులు వాటంతటవే లేస్తాయి. టీచరు చెప్పింది నిజమే, ఆ గుణం నాలోనూ ఉంది. ఆ రోజు కూడా లేచాయి. నేనే దించుకున్నాను.