పెద్దాయన స్టీలు కుర్చీకి నేను తోలు కుట్టిన సంగతి

అది 1949. సూర్యాపేటలో బస్సులు ఆగే చోటికి కాస్త ఎడంగా నా తోలుపని దుకాణం ఉండేది. టాంగా గుర్రాలకు కళ్లేలు, నడుం పట్టీలు, బావి నీళ్లు తోడే మోటలకు తోలు బొక్కెనలు కుట్టేవాణ్ని. అంతకుముందు సికింద్రాబాద్‌లో గుర్రపు జీన్లు చేసే కార్ఖానాలో ఆరేళ్లు పనిచేశాను. శాడిల్ స్టిచ్ అనే జీను కుట్టు అక్కడే వచ్చింది. ఒకే దారం రెండు కొనలకూ సూదులు కట్టి, ఒకే బెజ్జంలోంచి అటొకటి ఇటొకటి దూర్చి కుట్టడం. ఒక కుట్టు తెగినా పక్కది ఊడదు.

ఆ ఏడు దవాఖానకు కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నాకు కబురు పంపింది. పోయి చూస్తే ఆమె ఇంటి వరండాలో ఒక వింత కుర్చీ. కట్టె అన్నదే లేదు. మెరిసే స్టీలు పైపును సైకిల్ హ్యాండిల్ లెక్క వంపులు తిప్పి, పైపుల నడుమ తోలు పట్టీలు బిగించారు. కింద వెడల్పుది, వీపుకు రెండు, చేతులకు చెరొకటి. కూర్చున్న మనిషికి ఎక్కడా ఇనుము తగలదు. బొంబాయి నుంచి వస్తుంటే దారిలో వానకు తడిసి తోలంతా చివికిపోయింది.

కుర్చీ ఆమె తండ్రిది. ఆయన కోదాడ వైపు మనిషి, బొంబాయిలో ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఉబ్బసం. పడుకుంటే ఊపిరాడదు, ఆ కుర్చీలో వెనక్కి ఒరిగితేనే నిద్ర. అది పాడైనప్పటి నుంచి బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తున్నాడు. కళ్లు గుంటలు పడ్డాయి.

"ఇలాంటిది ఎప్పుడైనా కుట్టావా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదమ్మా. జీన్లు కుట్టిన. ఇది గూడ మనిషి బరువు మోసేదే గద. చేస్త."

మిర్యాలగూడ పోయి తంగేడు బెరడుతో పదును చేసిన తోలు ఏరి తెచ్చాను. పాత పట్టీలు కొలతకు పనికిరాలేదు. పైపు నుంచి పైపుకు దారం పట్టి కొలిచి, డప్పు లెక్క బిగించి కుట్టాను. చూడటానికి ముచ్చటగా ఉంది.

పెద్దాయన కూర్చున్నాడు. రెండు నిమిషాలకే ముందుకు జారాడు. పొట్ట నొక్కుకుని దగ్గు తెర వచ్చింది. కూతురు పట్టి లేపింది. నాకు తల కొట్టేసినట్టయింది.

దగ్గు తగ్గాక ఆయన, "కుట్టు బాగుందయ్యా. కుర్చీయే నన్ను తోసేస్తోంది" అన్నాడు.

నేను చుట్టూ తిరిగి, ప్రతి పట్టీ చేత్తో నొక్కి చూశాను. ఏమీ తెలియలేదు.

"చేత్తో ఏం తెలుస్తుంది? కూర్చుని చూడు" అన్నాడు పెద్దాయన.

నేను కదలలేదు. మాదిగ ఇంట్లో పుట్టినవాణ్ని. పని ఇచ్చినవాళ్ల వాకిట్లో నిలబడి కొలతలు తీసుకోవడమే ఎరుగుదును.

"వద్దయ్యా. ఈడ నిలబడే సూస్త."

"నిలబడి కొలిచావు కాబట్టే ఇట్లా వచ్చింది. ఇందులో నేను పన్నెండేళ్లు కూర్చున్నాను. నువ్వు కూర్చుంటే ఎట్లా ఉండాలో చెబుతాను."

డాక్టరమ్మ వైపు చూశాను. ఆమె కుర్చీని నా వైపు తిప్పింది.

కూర్చున్నాను. ఒళ్లంతా బిగపట్టుకున్నాను. "వెనక్కి ఒరుగు, ఇంకా" అన్నాడు పెద్దాయన. ఒరిగాను. "బరువు ఎక్కడ పడుతోంది?"

"తొడల కింద."

"నడుం కింద పడాలి."

అప్పుడు తెలిసింది. కూర్చునే తోలు వెనక వైపు నాలుగు వేళ్ల లోతు దిగాలి, ముందు అంచు పైకే ఉండాలి. అక్కడే కుట్టు విప్పి, గుర్రం నడుం పట్టీకి వేసే ఇత్తడి బకిల్స్ కుర్చీ అడుగున పట్టీ కొనలకు కుట్టాను. ఇక కావలసినంత వదులు చేయొచ్చు, సాగితే బిగించొచ్చు. ఆయన కూర్చోవడం, లేవడం, నేను ఒక బెజ్జం సడలించడం. మూడోసారి ఆయన వెనక్కి ఒరిగాడు. చూస్తే నిద్రపోయాడు. నట్టనడి మధ్యాహ్నం, నోరు కొంచెం తెరిచి, ఊపిరి సాఫీగా.

డాక్టరమ్మ చెప్పులు చేత పట్టుకుని దవాఖానకు వెళ్లింది. సూదులు డబ్బాలో వేస్తే చప్పుడవుతుందని నేను తలపాగాకు గుచ్చుకున్నాను.

ఖాళీ కుర్చీని కొలిచి కుడితే అది ఖాళీ కుర్చీకే సరిపోతుందని, మనిషికి కాదని నాకు ఆ కుర్చీ నేర్పింది. తర్వాత నేను ఎక్కి చూడని జీను, నీళ్లు నింపి లాగని బొక్కెన ఎవరికీ ఇయ్యలేదు.

కొన్నాళ్లకొకసారి ఆ బకిల్స్ బిగించడానికి పోయేవాణ్ని. నన్ను చూడగానే పెద్దాయన లేచి పక్కన నిలబడేవాడు, ముందు నేను కూర్చుని చూడాలని.