గుంటలో నేర్చిన అడుగులు

ధర్మవరంలో మా స్నేహితుడొకడు పట్టుచీరలు నేస్తాడు. గుంట మగ్గం కాబట్టి పని చేస్తున్నంతసేపూ అతని కాళ్లు నేలలోపలే ఉంటాయి. అక్కడ మగ్గాన్ని ఆడించే చెక్కలు తొక్కే ఆ కాళ్లను ఎవరూ చూడరు. టీకొట్టు బల్ల మీద కూర్చున్నా అవి ఊరుకోవు. కుడి, ఎడమ, కుడి, ఎడమ అంటూ లేని చెక్కలను తొక్కుతూనే ఉంటాయి.

ఒకసారి పెనుకొండలో పెళ్లి ఊరేగింపులో డప్పులకు చిందేసి ఎగిరాడు. "ఏమప్పా, ఈడ గూడా నేస్తాండావా?" అని ఎవరో అంటే అందరూ నవ్వారు. ఆ తర్వాత పదేళ్లు అతను ఎక్కడా అడుగు కలపలేదు.

పోయిన ఏడాది నలుగురం బెంగళూరులో ఎలక్ట్రానిక్ సంగీతోత్సవానికి వెళ్లాం. మేం ముగ్గురం ఎగురుతుంటే అతను మా సంచులన్నీ మెడకు తగిలించుకుని పక్కన నిలబడ్డాడు. రమ్మంటే, "నేనొస్తే మళ్లా నగుతారు, మీరు పోండప్పా" అన్నాడు.

సాయంత్రం వేదిక మీద పాట ఆగి ఒట్టి దరువు మిగిలింది. అతను తల వంచి విన్నాడు.

"ఇది మగ్గం దెబ్బే కదబ్బా" అంటూ సంచులు నా మెడలో వేసి ఎగిరేవాళ్ల మధ్యకి దిగాడు. నడుము పైన కదలిక లేదు, కింద కాళ్లు ఆగడం లేదు. చుట్టూ ఉన్నవాళ్లు మొదట చోటిచ్చారు, తర్వాత చూసి నేర్చుకున్నారు. కాసేపటికి ముప్పై మంది ధర్మవరం చెక్కలు తొక్కుతున్నారు.

"ఎక్కడ నేర్చుకున్నారన్నా?" అని ఒక అమ్మాయి అడిగింది.

"గుంటలోనమ్మా" అన్నాడు ఆగకుండా. "ఈ కాళ్లు ఇన్నాళ్లకు పైకొచ్చినాయి."