రెండో తుమ్ము

పదకొండేళ్లుగా ఒక తుమ్ము నా గుండెల మీద కూర్చుని ఉంది. నవ్వకండి. నవ్వినా ఫర్వాలేదు లెండి, నేనూ మొదట్లో నవ్వి తోసేద్దామనే చూశాను. పోలేదు. ఊళ్లో కొందరు పక్కవాడి గట్టు దున్నేసుకుని కూడా హాయిగా గుర్రుపెడతారు. నేను తుమ్మి, కాదు, తుమ్మకుండా ఉండి, నిద్ర పోగొట్టుకున్నాను. నా పేరు చెప్పను. గుంటూరు జిల్లాలో మిరపా పత్తీ వేసే ఒక ఇంటికి పెద్దకోడల్ని. అంతవరకు చాలు.

సునీత నా తోటికోడలు, మరిది భార్య. నాకంటే తొమ్మిదేళ్లు చిన్నది. కాపురానికి వస్తూ వాళ్లన్నయ్య వాడుకుని పక్కన పడేసిన కెమెరా ఒకటి తెచ్చుకుంది. మా ఇంట్లో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కల్లంలో ఎండే మిరపకాయల్ని, వాటి మధ్య కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ల చేతుల్ని తను తీసిన ఫొటోలు ఎలా చేరాయో గుంటూరులో ఫొటోలు నేర్పే ఒక మేడమ్ దాకా చేరాయి. ఆవిడే ఫోన్ చేసింది. భీమిలి దగ్గర రాళ్ల సముద్రానికి కొంతమందిని రెండు రోజులు తీసుకెళ్తున్నాననీ, సునీతనూ రమ్మనీ, అక్కడ పనితనం చూసి పెళ్లి ఫొటోలకు తనతో తిప్పుకుంటాననీ చెప్పింది. సునీతకు అదొక బతుకుదారి. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలియక చేశానని చెప్పుకునే వీలు కూడా లేదు నాకు.

ఆ ఎండాకాలమంతా మేమిద్దరం కల్లంలో కూర్చుని ఆ ప్రయాణాన్ని కట్టుకున్నాం. మధ్యాహ్నం పూట కల్లం ఎలా ఉంటుందో మీకు తెలుసో లేదో. కనుచూపు మేర నేలంతా ఎరుపు. గాలి లేదు, మాట లేదు, ముక్కుకు కట్టిన గుడ్డలోంచి కూడా దూరే ఘాటు. కళ్లు సగం మూతలు పడతాయి. ఆ మగతలో సునీత మాట్లాడుతూ ఉండేది. పొద్దు ఎటు నుంచి పొడుస్తుంది, అల వెనక్కి వెళ్లేటప్పుడు రాయి మీద తడి ఎంతసేపు మెరుస్తుంది, ఎంత వంగితే నీళ్లు లెన్సు మీద పడవు. మేం చూసిన సముద్రం సూర్యలంకే. అక్కడ ఇసకే గాని రాళ్లెక్కడివి? అందుకని తను ఎర్రకాయల్ని కుప్పపోసి రాయి అనేది. ఏరి పక్కన పడేసిన తెల్లటి తాలుకాయల్ని దాని చుట్టూ చల్లి నురగ అనేది. కెమెరా పట్టుకుని నేల మీద బోర్లా పడుకునేది. నేను చేత్తో తాలుకాయల్ని ముందుకీ వెనక్కీ జరిపేదాన్ని. అలలన్న మాట. ముప్పై అయిదేళ్లదాన్ని, పనీపాటా లేనట్టు.

నిజం చెబుతున్నాను, నా జన్మలో అంత సుఖంగా ఎప్పుడూ లేను. కళ్లు మూసుకుంటే కాళ్లకింద రాయి తగిలేది. చల్లగా, పాచి పట్టి. ఎక్కాల్సిన బండి, దిగాల్సిన చోటు, పొద్దున ఏ రాయి, సాయంత్రం ఏ రాయి, అన్నీ ఒక కాగితం మీద నేనే రాసిపెట్టాను. నా దస్తూరీ బాగుంటుందని తనే రాయించుకుంది. రాసినన్నాళ్లూ ఒక్క విషయం నాకు తట్టలేదు. ఆ కాగితంలో నేను లేను.

ఇక్కడ మా ఇంటి సంగతొకటి చెప్పాలి. మా అత్తయ్యకు శకునాల పట్టింపు. ఎవరైనా బయల్దేరుతుంటే ఒంటి తుమ్ము వినపడకూడదు. వినపడితే వెనక్కి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, కాసేపు కూర్చుని వెళ్లాలి. వెంటనే రెండో తుమ్ము వస్తే దోషం లేదు, రెండు తుమ్ములు జయం అనేది. కల్లాల రోజుల్లో మాత్రం ఈ లెక్క లేదు. మిరపకాయల ఇంట్లో తుమ్ములకు ఆగితే ఏడాదంతా గడపలోనే కూర్చోవాలి. కానీ సునీత బయల్దేరే నాటికి కల్లాలు ఎత్తేశాం.

తెల్లవారింది. ఆరింటికి బస్సు. అది తప్పితే గుంటూరులో రైలు అందదు. మరిది సంచీ పట్టుకుని రోడ్డు మీద నుంచున్నాడు. గడపలో నేను సునీత జడకు పిన్ను పెడుతున్నాను. కొత్త పౌడరు రాసుకుంది. ఆ వాసన ముక్కుకెక్కి తుమ్మాను.

“ఒంటి తుమ్ము. ఆగవే,” అంది అత్తయ్య వసారాలోంచి.

“బస్సొచ్చేసుద్ది అత్తయ్యా.”

“వస్తే రానీ. ముందు మంచినీళ్లు తాగు.”

సునీత నా వైపు తిరిగింది. మొహం నాకు ఎంత దగ్గరగా ఉందంటే, తన కనుబొమ్మల మీద పౌడరు కూడా కనిపిస్తోంది.

“అక్కా, ఇంకోటి వచ్చేట్టుందేమో చూడవే. రెండైతే పర్లేదుగా.”

వచ్చేట్టుంది. ముక్కు చివర దాకా వచ్చింది. నేను కొంగుతో ముక్కు తుడుచుకుంటున్నట్టు గట్టిగా నొక్కి పట్టాను. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“లేదే. రావట్లా,” అన్నాను.

మొదటిది ముక్కు తుమ్మింది. రెండోదాన్ని ఆపింది నేను.

తను కాళ్లు కడుక్కుంది. నీళ్లు తాగింది. అరుగు మీద కూర్చుని గ్లాసు అంచు గోటితో గీస్తుండగా బస్సు వెళ్లిపోయిన చప్పుడు వినపడింది. తర్వాతి బండికి వెళ్తానంటే, మేడమ్ వాళ్లు ముందే వెళ్లిపోతారు, అంత దూరం ఒక్కదానివీ ఎందుకులే అన్నాడు మరిది. తన చోట్లో ఆ మేడమ్ ఇంకెవరినో తీసుకుంది. మళ్లీ ఫోన్ చేయలేదు.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. ఇంటి చాకిరీ అంతా నా మీద పడుతుందనా? కాదు, చాకిరీకి నేనెప్పుడూ భయపడలేదు. అసూయా? ఉంది, లేదనను. కానీ దానికి అడుగున ఇంకోటుంది. ఒకసారి ఆ రాళ్లు చూసి వచ్చిన మనిషి మళ్లీ కల్లంలో నా ఎదురుగా కూర్చుని తాలుకాయల్ని నురగ అంటుందా? అనదు. అప్పుడు నాతో మాట్లాడేదెవరు? నాకు ఆ సముద్రం కావాలి, తను వెళ్లకుండా ఉంటేనే అది నాకు మిగులుతుంది. ఎంత నీచమో చూడండి.

తిట్టినా బాగుండేది. ఆ మధ్యాహ్నం సునీత నాకు జలుబు చేసిందేమోనని పసుపువేసి నీళ్లు కాచి, దుప్పటి కప్పి ఆవిరి పట్టింది. దుప్పటి కింద వరసపెట్టి తుమ్ములు. బయట నుంచి నా వీపు నిమురుతూనే ఉంది. ఏడుస్తున్నానని తనకు తెలియలేదు. ఆవిరి కదా.

తర్వాత తను కెమెరా మళ్లీ తీయలేదు. నేనడిగితే బ్యాటరీ చెడిందనేది. కల్లంలో ఎదురుగానే కూర్చుంటుంది ఇప్పటికీ. మాట్లాడుతుంది కూడా. పిల్లల ఫీజులు, కూలీలు రాకపోవడం, పత్తికి పట్టిన పురుగు. నేను దక్కించుకున్నది ఇది.

పోయిన వారం తను బీరువా అడుగునుంచి ఒక కాగితం తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టింది. నా దస్తూరీయే. మడతల దగ్గర చిరిగింది. కల్లాలు ఎత్తగానే భీమిలి వెళ్దాం, ఫోన్‌తోనే తీసుకుంటాను, రెండు టికెట్లు చేయించాను అంది. ఈసారి ఎవరు తుమ్మినా ఆగేది లేదని నవ్వింది. నేనూ నవ్వాను. మాకు ఇష్టమైన రాళ్లన్నీ వరసగా ఆ కాగితంలో ఉన్నాయి. కింద కొత్తగా తన చేత్తో “అక్క” అని రాసుంది.

తనకు చెప్పాలా? అక్కడ, ఆ రాళ్ల మీద పక్కపక్కన కూర్చున్నప్పుడా? చెబితే తన సముద్రాన్ని రెండోసారి పాడుచేసినదాన్నవుతాను. చెప్పకపోతే, తను ఫొటో తీయబోతూ నా వైపు తిరిగినప్పుడు ఏ మొహం పెట్టుకుని చూడను? నాకు తెలియడం లేదు. మీరు క్షమిస్తే ఒరిగేది లేదు, క్షమించాల్సింది మీరు కాదు కూడా.

అయినా మీకు చెప్పాను. ఆ రోజు గడపలో కొంగు అడ్డం పెట్టి నొక్కేసినదాన్ని పదకొండేళ్ల తర్వాత మీకు రాస్తున్న ఈ కాగితం మీద తుమ్మేశాను. ఊపిరి ఆడుతోంది.