మావ భయం పోయిన ఏడు

భోగాపురం దగ్గర మా ఊరు. రెండువేల పదిహేను ప్రాంతంలో, నేను మావ అని పిలిచే మా ఆయన సముద్రం మీద చేపల వేటకి వెళ్లడం మానేశాడు. అలకి పడవ తిరగబడితే ఈదుకుంటూ వచ్చి ఒడ్డున పడ్డాడు. ఆ తర్వాత పడవ మీద చెయ్యి వేస్తే చాలు, ఒళ్లంతా చెమటలు, గుండె దడ. రెండేళ్లు ఇంటిపట్టునే ఉండి, నాతోపాటు చీపురుపల్లి సంతకి చేపల గంపలు మోశాడు. బేరాల్లో పరమ మొద్దు. సాయంత్రమైతే మా పాపను భుజాన ఎక్కించుకుని వీధులన్నీ తిప్పేవాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. నీళ్లకి భయపడే మొగుడని తోటి ఆడవాళ్లు నవ్వుతుంటే ఒళ్లు మండిపోయేది.

విజయనగరంలో ఒక మేడమ్ వేళ్లతో తట్టించి భయం పోగొడుతుందని విని, నేనే ఆయన్ని లాక్కెళ్లాను. భయం మనసులోనే ఉండదు, ఒంట్లో కూడా దాక్కుంటుంది, అందుకే నోటితో దాన్ని ఒప్పుకుంటూ చేత్తో ఒంటిని ఊరడించాలి అందావిడ. అరచేతి అంచు, కనుబొమ్మ, కంటి కింద, గడ్డం, మెడ కింది ఎముక, ఇలా వరసగా మెల్లగా తట్టుకుంటూ, భయం ఉన్నా నన్ను నేను అంగీకరిస్తున్నాను అనాలట. మా వాళ్లలో మగాడు భయమన్న మాట పైకి అనడు. చాలాసేపటికి మావ, మెడ కింది ఎముక మీద తట్టుకుంటూ సొంతంగా ఒక మాట కట్టుకున్నాడు.

"గంగమ్మ తల్లీ, నువ్వంటే నాకు బయమే. అయినా నీ బిడ్డనే కదమ్మా."

అదే అనమంది మేడమ్. అంటూ అంటూ ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను. కొన్ని వారాలకి దడ తగ్గి, పడవెక్కి నిలబడ్డాడు. నేను వీధిలో తలెత్తుకు తిరిగాను.

ఆ శ్రావణంలోనే గుజరాత్ పడవలకి మనుషుల్ని కూడగట్టే తండేలు మా ఇంటికొచ్చాడు. ఇక్కడ చేప తగ్గిపోయింది, మావ సరే అన్నాడు. అప్పట్నుంచి కాపురం ఫోన్లోనే. అక్కడ వానలకి వేట ఆపినప్పుడే ఇంటికి వస్తాడు.

ఆ తట్టడం మీద నాకు కోపం లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. నా తొందర మీదే నాకు కోపం. మేం మొగుడూ పెళ్లాల్లా బతికింది ఆ రెండేళ్లే, అవి నేను సిగ్గుపడటానికే ఖర్చు పెట్టేశాను.

మూడో ఏడు మావ ఇంటికి వచ్చినప్పుడు, అన్నం తింటుంటే పాప ఆయన పక్కన కూర్చుని, చుట్టాలను అడిగినట్టే అడిగింది.

"నాన్నా, నువ్వెప్పుడెలిపోతావు?"

మావ చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు.

"నెలాకరికి ఎలిపోతానమ్మా," అని మర్యాదగా జవాబు చెప్పాడు.