ఆత్మారాం వేసిన లక్క ముద్ర

2007 ఫిబ్రవరి 12, సోమవారం. నిజామాబాదు కంఠేశ్వర్‌లోని బాపురావు గ్యారేజీలో, అరచేతి కన్నా కాస్త పెద్దదైన కంప్యూటర్ డబ్బా తెర మీద 0457 అనే అంకె వెలిగింది.

ఆ డబ్బాను బాపురావు కొత్తగా హైదరాబాదు నుంచి తెప్పించాడు. స్టీరింగు కింది సాకెట్లో దాని తీగ పెడితే, ఇంజనుకు వచ్చిన ఇబ్బందిని కారు అంకెల్లో చెబుతుంది. అంకె పక్కనున్న ఇంగ్లీషు వాక్యాన్ని బాపురావు ఒకసారి లోపల చదువుకుని, పైకి తెలుగులో చెప్పాడు.

"పెట్రోలు ఆవిరి బయటికి పోతున్నది. ట్యాంకు మూత లూజుగ ఉన్నది, లేకుంటే తీసి ఉన్నది."

కారు యజమాని డాక్టర్ బాలనర్సయ్య తన డ్రైవరు వైపు తిరిగాడు. "విన్నవా సిద్దిరాములూ? పెట్రోలు తీస్తున్నవని నేనంటే నీకు కోపమొచ్చె. ఇప్పుడు మిషనే అంటున్నది."

"బంకుల పోయించినప్పుడు తప్ప నేను మూత ముట్టలే సార్."

"పన్నెండు కిలోమీటర్లు ఇయ్యాల్సిన బండి లీటరుకు తొమ్మిది ఇస్తున్నది. వెనకకు పోతే పెట్రోలు వాసన. మూత తీసి ఉన్నదని కంప్యూటర్ చెప్తున్నది. ఇంకేం కావాలె? శనివారం దాకా చూస్త. తర్వాత నీ దారి నీది."

 నలభై ఎనిమిదేళ్ల సిద్దిరాములు గ్యారేజీలో అందరి ముందూ తల దించుకుని నిలబడ్డాడు.

మూలన ఒక రేడియేటర్ గొట్టం బిగిస్తున్న ఆత్మారాం స్పానరు కింద పెట్టాడు. సిద్దిరాములు అతనికి కొత్తవాడు కాడు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో చెరుకు విభాగం జీపును పదిహేనేళ్లు నడిపినవాడు. ఆ పదిహేనేళ్లూ ఆత్మారాం అదే ఫ్యాక్టరీలో ఫిట్టరు.

"సార్, మిషను మూత పేరు చెప్పింది. మనిషి పేరు చెప్పలే," అన్నాడు ఆత్మారాం.

బాపురావు ఇబ్బందిగా నవ్వాడు. "కాకా, నువ్వు పైపుల సంగతి చూసుకో."

"గిది గూడ పైపుల సంగతే బాపురావ్. రేపు పొద్దుగాల ఇంజను సల్లగున్నప్పుడు బండి నాకియ్యున్రి."

డాక్టర్ సరేనన్నాడు.

ఆ కారు విదేశంలో తయారైనది. డాక్టర్ దాన్ని హైదరాబాదులో పాత బండిగా కొన్నాడు. పాత రకం బండ్లలో ట్యాంకులోని పెట్రోలు ఆవిరి గాలిలో కలిసిపోయేది. ఈ కారులో అది గొట్టం గుండా వెనక చక్రాల దగ్గరున్న బొగ్గు డబ్బాలోకి చేరి, అక్కడి నుంచి ఇంజనులోకి వెళ్లి మండుతుంది. ఆ దారిలో ఎక్కడైనా సందు పడితే కారు తానే కనిపెట్టి, డ్రైవరు ముందు పసుపు బత్తి వెలిగిస్తుంది. నెల రోజుల్లో ఆ బత్తి మూడుసార్లు వెలిగింది. మొదటిసారి మూత మార్చారు. రెండోసారి హైదరాబాదులో ఒక వాల్వు మార్చారు. ఆ అంకె కోడును చెరిపేసిన రెండు మూడు రోజులకు బత్తి మళ్లీ వచ్చింది.

ఆత్మారాంకు అప్పుడు యాభై నాలుగేళ్లు. 1974లో ఫ్యాక్టరీలో హెల్పరుగా చేరి, ఆరేళ్లకు పాన్ హౌస్ ఫిట్టరయ్యాడు. పాన్ అంటే మిద్దె ఎత్తు ఇనుప పాత్ర. చెరుకు పాకం అందులో గాలి తోడేసిన శూన్యంలో, తక్కువ వేడి మీద ఉడకాలి. వెంట్రుక మందం సందులోంచి గాలి దూరినా వేడి పెరిగి చక్కెర ఎర్రబడుతుంది. పాదరసం గొట్టం ముందు కూర్చుని, మట్టం ఎంతసేపట్లో ఎంత దిగిందో చూసి, ఆ సందు ఏ జాయింటులో ఉందో తేల్చడం అతని పని. ఫ్యాక్టరీలో మొత్తం ఇరవై ఎనిమిది సీజన్లు పని చేసి, 2002లో స్వచ్ఛంద విరమణ కాగితం మీద సంతకం పెట్టాడు. బాపురావు గ్యారేజీలో అతనికి గొట్టాలు మార్చే పని దొరికింది. ఐదేళ్లలో అతన్ని ఇంకేమీ ఎవరూ అడగలేదు.

మంగళవారం పొద్దున ఏడింటికి ఆత్మారాం వచ్చేసరికి బాపురావుతో పాటు డాక్టర్, సిద్దిరాములు కూడా వచ్చి ఉన్నారు. ఆత్మారాం చేతిలో ఒక సెలైన్ గొట్టం, మందుల దుకాణంలో కొన్న పెద్ద సిరంజి ఉన్నాయి. సెలైన్ గొట్టాన్ని వంచి చెక్కకు కట్టి, అందులో సిరా కలిపిన నీళ్లు పోసి, పక్కన సుద్దతో గీతలు గీశాడు. ఇంజను దగ్గర ఆవిరి గొట్టాన్ని విప్పి, దానికి ఈ గొట్టాన్నీ సిరంజినీ కలిపాడు. బొగ్గు డబ్బాకు బయటి గాలి వచ్చే దారిని రబ్బరు బిరడాతో మూశాడు. సిరంజితో కొద్దికొద్దిగా గాలి తోడుతుంటే సిరా నీళ్లు ఒక వైపు పైకెక్కాయి. తోడటం ఆపి చేతి గడియారం చూశాడు. నీళ్లు రెండు నిమిషాల్లో ఎనిమిది గీతలు దిగాయి.

"కారుతున్నది. ఇగ సగం సగం చేసి చూద్దాం," అన్నాడు.

ట్యాంకుకూ బొగ్గు డబ్బాకూ మధ్యనున్న గొట్టాన్ని విడదీసి, ట్యాంకు వైపు ఒక్కదాన్నే పరీక్షించాడు. పది నిమిషాలు గడిచినా నీళ్లు గీత దాటలేదు.

"మూత ఈ దిక్కే ఉన్నది సార్. దీని పట్టు చూసిన్రు కదా."

తర్వాత బొగ్గు డబ్బా వైపు పెట్టాడు. నీళ్లు కళ్ల ముందే జారిపోయాయి. అతను కారు కిందికి దూరి, సబ్బు నురగ పూసి, సిరంజితో మెల్లగా గాలి పంపమని బాపురావుకు చెప్పాడు. బొగ్గు డబ్బా ప్లాస్టిక్ మెడ దగ్గర బుడగలు లేచాయి. మెడ చుట్టూ సగం దాకా పగులు. పగులుకూ డబ్బాను పట్టి ఉంచే ఇనుప పట్టీకీ మధ్య ఇరుక్కున్న ఒక ఎండు పీచును అతను వేళ్లతో లాగి బయటికి తెచ్చాడు.

డాక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏంది ఇది?"

"చెరుకు సార్. గీ పీచును నేను ఇరవై ఎనిమిదేండ్లు తొక్కిన. మీరు వారం వారం రెంజల్ టీకాల క్యాంపుకు పోతరు. గానుగ సీజన్‌ల ట్రాలీలకెంచి పడ్డ గడలు రోడ్డంత ఉంటయి. చక్రమెక్కితే ఒక కొస లేచి పైకి తంతది. గట్లనే తన్నింది."

"బాగుంది. కానీ ఇప్పుడు మూత బిగించే ఉన్నది కదా. దారిల తీసి పెట్రోలు గుంజుకుంటే నీ సిరా నీళ్లు ఏం చెప్తయి?"

"మంచి మాట అడిగిన్రు. గందుకే దీన్ని ఇయ్యాల బాగు చెయ్యద్దు."

బాపురావు సిరంజి పట్టుకునే తల పైకెత్తాడు. "ఏంది కాకా? దొరికినంక బాగు చెయ్యద్దంటవ్?"

"బాగు చేస్తే బత్తి వెలగదు. బత్తి వెలగకుంటే ఏమంటరు? దొరికిపోయిండు కాబట్టి భయానికి మూత ముట్టుతలేడు అంటరు. వీని పేరు మీది మచ్చ గట్లనే ఉంటది."

 ఫ్యాక్టరీలో మొలాసిస్ అనే చెరుకు మడ్డి ట్యాంకుల మూతలకు ఎక్సైజు వాళ్లు సంతకం చేసిన కాగితం చుట్టి, లక్క ముద్ర వేసేవారు. ముద్ర చెడకుండా మూత తీయడం ఎవరి తరమూ కాదు. ఆత్మారాం ఇక్కడా అదే చేయదలిచాడు. బాపురావు ట్యాంకు ఖాళీ చేసి, కొలత డబ్బాతో సరిగ్గా ముప్పై అయిదు లీటర్లు పోశాడు. కారు తనను తాను పరీక్షించుకోవాలంటే ట్యాంకు నిండుగానూ ఉండకూడదు, అడుగంటిపోనూ కూడదన్న సంగతి అతను కంప్యూటర్ డబ్బాతో వచ్చిన పుస్తకంలో చదివాడు. వరుసగా రెండు పొద్దులు పరీక్ష తప్పితేనే బత్తి వెలుగుతుందని కూడా అతనే చెప్పాడు. మూత బిగించి, దానికి అడ్డంగా కాగితం అంటించి, అంచుల మీద లక్క కరిగించి పోశారు. డాక్టర్ కాగితం మీద సంతకం చేసి, లక్క ఆరకముందే తన ఉంగరం ఒత్తాడు. మీటరు అంకె రాసుకున్నారు. బాపురావు పాత కోడు చెరిపేశాడు.

బుధవారం డాక్టర్ ముప్కాల్ వెళ్లివచ్చాడు. బత్తి వెలగలేదు. ఆ సాయంత్రం ఆత్మారాం ఇంటి ముందు కుదురుగా కూర్చోలేకపోయాడు. భార్య సుమిత్రమ్మ ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ అతన్ని గమనించింది.

"బండికి రోగం పోవాలని మొక్కేటోళ్లను సూసిన. బత్తి వెలగాలని మొక్కేటోన్ని నిన్నే సూస్తున్న," అంది.

"వెలగకుంటే సిద్దిరాములు పని శనివారంతోటి ఖతం. మధ్యల దూరి నేనే ముంచినట్టయితది."

"వాడు దొంగ కాదని నీకు తెలుసు గద."

"నాకు తెలిస్తే ఏమొస్తది? ఆయనకు తెల్వాలె."

గురువారం పొద్దున రెంజల్ క్యాంపుకు వెళుతుండగా, బోధన్ దాటిన కాసేపటికి పసుపు బత్తి వెలిగింది. డాక్టర్ ముందు సీటులోనే ఉన్నాడు. కారు ఆపించి, దిగి, వెనక్కి వెళ్లి ముద్ర చూశాడు. తిరిగి వచ్చి కూర్చుని, పోనియ్యమన్నాడు. సిద్దిరాములు గేరు వేశాడు.

శుక్రవారం పొద్దున కారు గ్యారేజీకి వచ్చింది. డాక్టర్ కళ్లద్దాలు సర్దుకుని, లక్క అంచులన్నీ వేలితో తడిమి, సంతకం మీద గీత కూడా చెదరలేదని చూసుకుని, ముద్రను తన చేత్తోనే పగలగొట్టాడు. బాపురావు కంప్యూటర్ డబ్బా తగిలించాడు. తెర మీద మళ్లీ 0457. ట్యాంకు ఖాళీ చేసి కొలిస్తే పద్నాలుగున్నర లీటర్లు మిగిలాయి. కారు తిరిగింది నూట ఎనభై ఆరు కిలోమీటర్లు. డాక్టర్ లెక్క వేసి, ఒకసారి కొట్టేసి, మళ్లీ వేశాడు.

"తొమ్మిదే," అన్నాడు మెల్లగా. "మూత తీయకున్నా తొమ్మిదే. ఆవిరికి ఇంత పోతదా?"

"పోదు సార్. గీ సందుకెంచి అంత పోదు. లేనిది ఉన్నదని చెప్ప," అన్నాడు ఆత్మారాం. "మిగిలింది యాడ వోతున్నదో వాన్ని అడుగున్రి."

సిద్దిరాములు నేల వైపు చూస్తూ చెప్పాడు. "క్యాంపుల టీకా మందుల పెట్టె సల్లగుండాలని క్యాంపోళ్లు బండి బంద్ చెయ్యద్దంటరు సార్. నిన్న రెండున్నర గంటలు ఏసీ మీదనే ఉన్నది."

"ముందే చెప్పొచ్చు కదా."

"చెప్పిన సార్. దొంగ మాట ఎవరింటరు?"

సిద్దిరాములు తాళంచెవి తీసి కారు బానెటు మీద పెట్టాడు. "రేపే శనివారం. నా పేరు నాకు దక్కింది. పని మీ ఇష్టం."

 డాక్టర్ సోమవారం అన్నంత గట్టిగానే, అందరికీ వినబడేలా అన్నాడు. "తప్పు నాది సిద్దిరాములూ. బత్తి చెప్పిందాని మీద నేను ఇంకో మాట కలుపుకున్న." తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టాడు.

ఆత్మారాం అప్పటికే కారు కింద ఉన్నాడు. పగిలిన మెడ మార్చి, సిరా నీళ్లు ఎక్కించి, పది నిమిషాలు గడియారం చూశాక గానీ పైకి రాలేదు. నీళ్లు గీత మీదనే నిలిచాయి. అతని ముఖం మీది గర్వాన్ని బాపురావు చూశాడు. ఆత్మారాం దాన్ని దాచుకోనూ లేదు.

తర్వాతి వారం, మంగళవారం నాడు, బాపురావు ఒక సన్నని గాజు గొట్టం కొనుక్కొచ్చి, చెక్కకు బిగించి, కంప్యూటర్ డబ్బా పక్కనే గోడకు తగిలించాడు. "గీతలు నువ్వే గియ్యి కాకా. నా చేతికి వంకర పోతయి," అన్నాడు. గురువారం కారు రెంజల్ వెళ్లింది. శుక్రవారం పొద్దున సిద్దిరాములు గ్యారేజీకి వచ్చేసరికి ఆత్మారాం ఆ గొట్టం పక్కన పదో గీత గీస్తున్నాడు.

"రోడ్డు మీద చెరుకు మోపు పడి ఉండె అన్నా. బండి ఆపి దిగిన. ఒక దిక్కు నేను పట్టుకునే వరకే, ఇంకో దిక్కు డాక్టర్ సాబ్ పట్టుకున్నడు. ఇద్దరం కలిసి పక్కకు పారేసినం. ప్యాంటుకంత మట్టి."

"బత్తి?" అడిగాడు ఆత్మారాం.

"వెలగలే."

"ఏసీ?"

"మందుల పెట్టెకు మంచుగడ్డలు తెచ్చిండు. బండి బంద్ చేసి పెట్టిన."

ఆత్మారాం తలూపి, గాజు గొట్టం పక్కన పదకొండో గీత గీశాడు.