లారీలో కూర్చుండిపోయిన ఆవిడ

తుఫాను బాధితుల కోసం జోలె పట్టి బందరు వచ్చిన ఆ సినీనటికి పొగరని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు. దగ్గరుండి చూసిన నేనూ ఇన్నాళ్లూ కాదనలేదు.

లారీ పక్కన తాడు పట్టుకున్న వాలంటీర్లలో నేనొకణ్ణి. ఆవిడ లారీ మీద నిలబడి, తెల్లచీర కొంగు రెండు వేళ్లతో సర్దుకోగానే జనం విరుచుకుపడ్డారు. తాడు తెగింది. నా వీపు చక్రానికి నొక్కుకుపోయి ఊపిరాడలేదు. కాళ్ల దగ్గర ఎవరి పిల్లో పడిపోయి ఏడుస్తోంది.

ఆవిడ వంగి ఆ పిల్లను చూసింది. "నేను కనబడుతున్నంతసేపూ ఇలాగే తోసుకుంటారండీ" అని పక్కనున్న పెద్దమనిషితో అంటూ, లారీ పలకల వెనక కూర్చుండిపోయింది.

"మొహం చూపిస్తే అరిగిపోద్దా?" అని తిట్టుకుంటూ జనం వెనక్కి తగ్గారు. నేను పిల్లను ఎత్తుకున్నాను.

పలకల సందులోంచి ఆవిడ చేయి కనిపించింది. కొంగు సర్దుకుంటూనే ఉంది. ఆ రెండు వేళ్లూ వణికిపోతున్నాయి.